తెరిచి ఉండాల్సిన మూత

శవం పక్కన ఏడు ఖర్జూరం గింజలున్నాయి.

నాగేంద్రప్రసాద్ వాటిని మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. అన్నీ శుభ్రంగా చప్పరించి, ఒకచోట కుప్పగా ఉమ్మిన గింజలు. చేతిగడియారం చూసుకున్నాడు. పది కావస్తోంది.

వీధికి కరెంటు పోయి నాలుగు రోజులయింది. వంటగది ఫ్రీజరులో చేపలు కుళ్లి, ఆ నీళ్లు గుమ్మం దాటి ఇవతలికి కారుతున్నాయి. ఈగలు కాసేపు చేపల మీద, కాసేపు మనిషి మీద వాలుతున్నాయి. నాగేంద్రప్రసాద్ జేబురుమాలు ముక్కుకి కట్టుకున్నాడు. ఈ ఆరువారాల్లో అతను చాలా వాసనలకు అలవాటు పడ్డాడు గానీ, దీనికి కాదు.

చనిపోయినవాడు బాలసుబ్బయ్య. రైల్వే కోడూరు మనిషి, వయసు యాభై రెండు. ఊళ్లో ఉన్నప్పుడు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. కువైట్‌లోని సబా అల్ సలేం పేటలో ఉన్న ఈ ఇంటి యజమానికి పాతకాలపు ఇత్తడి బూరలు సేకరించే పిచ్చి. వాటిని చూసుకోవడానికే తొమ్మిదేళ్ల కిందట బాలసుబ్బయ్యను పనికి పెట్టుకున్నాడు. ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగేనాటికి యజమానీ, ఆయన భార్యా కైరోలో ఉన్నారు. అక్కడే చిక్కుకుపోయారు.

నాగేంద్రప్రసాద్ ఒకప్పుడు కడప క్రైమ్ బ్రాంచిలో ఎస్సై. పై అధికారి చెప్పినట్టు ఒక రిపోర్టు మార్చనందుకు సస్పెండయ్యి, ఉద్యోగం మీద అసహ్యం పుట్టి వదిలేసి, కువైట్ వచ్చి మంగఫ్‌లో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాడు. ఇప్పుడు కువైట్‌లో ఫిర్యాదు చేసుకోవడానికి పోలీసు స్టేషను లేదు. అందుకే తెలుగువాళ్లకు ఏ ఆపద వచ్చినా మంగఫ్‌లో అతనుండే క్యాంపుకే పరిగెత్తుకొస్తున్నారు. ఈ ఉదయం అట్లా పరిగెత్తుకొచ్చింది ఈ ఇంటి పనిమనిషి సుబ్బరత్నమ్మ.

ఆమె గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"ఈ ఖర్జూరాలు ఎవురివమ్మా?"

"యూసుఫ్ బాబువి సారూ. రోజూ పొద్దన్నే ఆ పిల్లోడు దిగొచ్చి తినేదానికి ఒక ఖుబ్బూస్ రొట్టె, గుప్పెడు ఖర్జూరాలు ముందు రాత్రే ఈ బల్ల మీద మూతపెట్టి ఉంచుతా. నిన్న కూడా పెట్టి పోయినా."

యూసుఫ్ ఈ ఇంటి కొడుకు. కువైట్ సైన్యంలో లెఫ్టినెంటు. నెలన్నరగా పక్కనున్న ఖాళీ ఇంటి మేడ మీద, నీళ్ల ట్యాంకుల వెనక దాక్కున్నాడు. ఈ ఉదయం ఏడు గంటల అయిదు నిమిషాలకు పిట్టగోడ దిగుతుండగా ఇరాకీ సైనికులు పట్టుకుపోయారు.

"నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. టైముతో సహా."

"ఏడు గంటలకు బూర మోగింది. నేను ఎనకాల రూములో జడేసుకుంటా ఉండా. యూసుఫ్ బాబు గోడ దిగినాడు. దిగినాడో లేదో, చెట్టు సాటు నించి నలుగురు సోల్జర్లు లేచినారు. అరిచేదానికి కూడా నాకు నోరు రాలా. ఎనిమిదింటికి గానీ కాళ్లు కదల్లేదు. లోపలికొచ్చి చూస్తే సుబ్బయ్యన్న ఇట్లా పడి ఉండాడు."

"సైనికులు ఇంట్లోకి వచ్చినారా?"

"నేను చూడలా సారూ. వచ్చినారనే రావుగారు అంటా ఉండాడు."

రావుగారంటే కుక్కుటేశ్వరరావు. తెలుగువాళ్లను బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేర్చే కమిటీకి పెద్ద. తొమ్మిదింటికే వచ్చి చూసి, సైనికులే దోపిడీకి వచ్చి చంపారని తేల్చేసి వెళ్లాడు.

నాగేంద్రప్రసాద్ తలుపు చూశాడు. గొళ్లెం లోపలి నుంచి తీసినది. తాళం కప్ప చెక్కుచెదరలేదు. బాలసుబ్బయ్య తల వెనక ఒకే ఒక్క దెబ్బ. బూరలు నిలబెట్టే ఇనుప స్టాండు అడుగున వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. అద్దాల బీరువాల్లో వస్తువులు కదలలేదు. దోపిడీకి వచ్చినవాడు ఏదీ ముట్టకుండా పోతాడా?

శవం కుడిచేతి పక్కన ఒక బూర పడి ఉంది. మామూలు బ్యూగిల్ ఆకారమే. కానీ ఒంటినిండా మీటలూ, గుండ్రటి మూతలూ ఉన్నాయి. చూస్తే ఊదుతూ ఊదుతూ దెబ్బ తిని పడిపోయినట్టే ఉంది.

నాగేంద్రప్రసాద్ దాన్ని రెండు వేళ్లతో ఎత్తాడు. కిందంతా రక్తం పొలుసులు కట్టి ఎండి ఉంది. బూర అడుగున మాత్రం మరక లేదు. రెండు ఎండు పొలుసులు అంటుకుని ఉన్నాయి, అంతే.

"ఇది పడింది కాదు. పెట్టింది," అన్నాడు నెమ్మదిగా. "రక్తం ఎండినాక తెచ్చి పెట్టినారు."

"అంటే?"

"బూర మోగేటప్పటికి సుబ్బయ్య చచ్చిపోయి శానాసేపయింది."

సుబ్బరత్నమ్మ బూర వంక చూసింది. "అయితే ఊదిందెవురు సారూ?"

"అది నువ్వే చెప్పాల. ఈ బూర గురించి నీకేం తెలుసు?"

"అన్నీ తుడిచేది నేనే గదా. సుబ్బయ్యన్న ఒక్కోటీ చెప్పి మరీ తుడిపిచ్చేటోడు. ఇది నూటయాభై ఏండ్ల కిందటిదంట. ఉత్త బ్యూగిల్లో నాలుగైదు కూతలే వస్తాయంట. పాట రాదు. అందుకని గొట్టానికి చిల్లులు పొడిచి మూతలు పెట్టినారంట. మీట నొక్కితే మూత లేస్తాది. గాలి ఆ చిల్లులోనుంచే బయటికొచ్చేస్తాది. అంటే గొట్టం ఆడికే అయిపోయినట్టు. గొట్టం పొట్టయితే కూత సన్నం, పొడుగయితే లావు. ఏలు తీస్తే స్ప్రింగు మూతను మళ్లా మూసేస్తాది."

పనిమనిషి నోట ఇంత స్పష్టంగా వస్తుందని నాగేంద్రప్రసాద్ అనుకోలేదు. మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. తోలు మెత్తలున్న మూతలు లేచి, వేలు తీయగానే టప్పున మూసుకున్నాయి. ఒక్కటి మాత్రం ముందే లేచి ఉంది. బూర చివర, వెడల్పు నోటికి అతి దగ్గరగా ఉన్న పెద్ద మూత.

"దీని స్ప్రింగు పోయిందా?"

"లేదు సారూ! అదొక్కటీ అంతే. అన్నీ మూసుకుని ఉంటాయి, అది తెరుచుకుని ఉంటాది. దాని మీట నొక్కితే మూసుకుంటాది. తుడిచేటప్పుడు నేనూ చెడిపోయిందనుకుని దారంతో కట్టేసినా ఒకసారి. సుబ్బయ్యన్న ఎంత తిట్టినాడో! అది మూస్తే గాలి ఆ వెడల్పు నోటిదాకా పోవాల. గొట్టం రవ్వంత పొడుగయిపోతాది, కూత దిగిపోతాది అన్నాడు."

నాగేంద్రప్రసాద్ వెన్ను నిటారయింది. "ఈ పొద్దు ఏడింటికి కూత ఎట్లుండె?"

ఆమె కళ్లు మూసుకుంది.

"రెండు కూతలే, రోజూ మాదిరే. రెండు కూతలంటే ఎవురూ లేరు, దిగి రావచ్చునని. మీటలు నొక్కి పైకి పాట మాదిరి ఊదితే దిగొద్దని. కానీ… రోజూ కన్నా బొంగురుగా ఉండె. జలుబు చేసిందేమోలే అనుకున్నా సారూ. అయ్యో, జలుబనుకున్నా!"

"నువ్వు ఊదగలవా?"

"ఒక్క కూత వస్తాది. నేర్పిచ్చినాడు."

అతను కిటికీ మూశాడు. సుబ్బరత్నమ్మ పెదాలకు బూర ఆనించి మెల్లగా ఊదింది. సన్నటి, నిండైన కూత. తర్వాత నాగేంద్రప్రసాద్ పెద్ద మూత మీట నొక్కి పట్టుకున్నాడు. ఆమె మళ్లీ ఊదింది. కూత అర మెట్టు కిందికి దిగింది. ఆమె బూర వదిలేసినంత పనిచేసింది.

"ఇదే! ఇదే సారూ!"

బయట వీధిలో ఎవరో "మజ్నూన్!" అని అరిచి నవ్వారు. ఇద్దరూ కదలకుండా నిలబడిపోయారు. మూలనున్న స్కూల్లో మకాం వేసిన సైనికులు రోజూ బూర విని, పిచ్చివాడని నవ్వుకుని వదిలేసేవాళ్లు. బూట్ల చప్పుడు దూరమయ్యాక నాగేంద్రప్రసాద్ ఊపిరి వదిలాడు.

"ఊదినోడికి ఊదడం వచ్చు. ఈ బూర మాత్రం తెలీదు. ఉత్త బ్యూగిల్ ఊదినోడు గొట్టం నడుమ పిడికిలితో పట్టుకుంటాడు. సరిగ్గా ఆ పెద్ద మూత మీట అక్కడే ఉంది." అతను ఆమె వైపు తిరిగాడు. "రెండు కూతల సంగతి ఇంకెవురికి తెలుసు?"

ఆమె నేలచూపులు చూసింది.

"సుబ్బరత్నమ్మా."

"బస్సులో నా పేరు రాపిచ్చేదానికి పోయినా," అంది ఏడుస్తూ. "సుబ్బయ్య ఎందుకు రాడు, ఏం దాచిపెట్టినారు ఆ ఇంట్లో అని గుచ్చి గుచ్చి అడిగినాడు రావుగారు. చెప్పకుంటే సీటు లేదన్నాడు. మన మనిషే గదా అని…"

గేటు దగ్గర పికప్ ఆగిన చప్పుడయింది.

కుక్కుటేశ్వరరావు లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, నున్నగా గీసిన గడ్డం. అత్తరు వాసన చేపల వాసనతో కలిసి గదంతా అలుముకుంది. వెనకే డ్రైవరు చిన్నరాజం వచ్చాడు. జగిత్యాల వాడు. పొద్దున నాగేంద్రప్రసాద్‌ను దించి, కమిటీ పని మీద మళ్లీ మంగఫ్ వెళ్లి, రావును తీసుకొచ్చాడు.

"ఏంటండీ ఇది, నాగేంద్రప్రసాద్ గారూ? ఇంకా శవం ముందేసుకుని కూర్చున్నారా? అవతల జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే, మీరిక్కడ భూతద్దం ఆటలాడుతున్నారా?"

"సైనికులు చంపినారన్నారు కదా. ఏ టైములో?"

"ఏడూ పదికండి. కుర్రోడిని పట్టుకున్నాక ఇంట్లోకొచ్చారు. ఈయన అడ్డం పడుంటాడు. ఒక్కటిచ్చారు. ఇందులో తేల్చేదేముందండీ? ఉద్యోగం పోయినా ఎస్సై బుద్ధి పోలేదండీ మీకు."

"తుపాకులుండి ఇనుప స్టాండుతో కొట్టినారా?"

"గుండు దండగనుకున్నారేమో."

"కొట్టినాక కూచుని ఏడు ఖర్జూరాలు తిన్నారా?"

రావు కళ్లు ఒక్క క్షణం గింజల మీద వాలి లేచాయి. "ఏమోనండీ. వాళ్లకి ఆకలెయ్యదా?"

"నిజమే," అన్నాడు నాగేంద్రప్రసాద్. బల్ల మీది బూర తీసి, మాటల మధ్యలోనే రావు వైపు విసిరాడు. "పట్టుకోండి!"

రావు ఫైలు వదిలేసి బూర అందుకున్నాడు. అందుకున్నది గొట్టం నడుమ, కుడి పిడికిలితో. చేతికి అందగానే అది తనంతట తానే కుడి తుంటి మీదికి పోయి ఆనింది. మోచెయ్యి బయటికి పొడుచుకొచ్చింది. మడమలు దగ్గరపడ్డాయి. పరేడ్ గ్రౌండులో ఏళ్ల తరబడి నిలబడ్డవాడికి తప్ప ఆ నిలబడడం రాదు.

పిడికిలి కింద పెద్ద మూత టప్పున మూసుకుంది. ఆ గదిలో అందరూ విన్నారు.

"ఏ బెటాలియన్లో ఊదేవారు?" చటుక్కున అడిగాడు నాగేంద్రప్రసాద్.

"కాకినాడ—" అని ఆగిపోయాడు రావు.

"రాజమండ్రిలో ఇంటెలిజెన్స్ ఆఫీసరునని గదా క్యాంపులో చెప్పుకున్నావు? బ్యూగ్లర్‌వి. మంచి పనే, దాచుకోవాల్సిన అవసరం లేదు. ఈ పొద్దు దాచుకోవాల్సి వచ్చింది. నీ చేతికింద ఉండేది చూడు. ఆ మూత ఎప్పుడూ తెరిచి ఉండాల. సుబ్బయ్య ఊదితే తెరిచే ఉంటాది. నువ్వు మూసి ఊదినావు. కూత దిగింది. ఈ ఆడమనిషి విన్నది."

రావు సుబ్బరత్నమ్మ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"రోజూ దాన్ని తుడిచినదాన్ని నేను," అంది. "నువ్వు పట్టుకున్నట్టు ఎవురూ పట్టుకోరు."

"కర్ఫ్యూ అయిదింటికి ఎత్తేస్తారు," నాగేంద్రప్రసాద్ ఒక్కో అడుగూ దగ్గరికొచ్చాడు. "అయిదున్నరకు నువ్వు తలుపు కొట్టినావు. తెలిసిన మనిషివని తీసినాడు. ఊదమన్నావు. ఊదనన్నాడు. వెనకనుంచి కొట్టినావు. కానీ కూత ఏడింటికి మోగాల, లేకుంటే ఆ పిల్లోడు నమ్మడు. గంటన్నర ఏం చేయాల? శవం పక్కన కుర్చీ వేసుకుని, ఎవుర్ని పట్టియ్యబోతా ఉండావో వాడి కోసం పెట్టిన తిండి తిన్నావు."

చిన్నరాజం ఛీ అని నేల మీద ఉమ్మేశాడు.

రావు బూర బల్ల మీద పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముఖంలో భయం కాదు, విసుగు కనిపించింది.

"తిన్నానండీ. అయితే ఏంటి? రాత్రినుంచీ ఏం తిన్లేదు నేను. ఒక్కడండీ. ఒక్క కువైటీవోడు. వాడు మనకేమన్నా చుట్టమా? ఆడి బదులు నలభై ఎనిమిది మంది మనవాళ్లు ఇళ్లకెళ్తారు. ఆడాళ్లున్నారు, చంటిపిల్లలున్నారు. రేపటికి నీళ్లు కూడా దొరకవు క్యాంపులో. నేనేం తప్పు చేశానో చెప్పండి."

"సుబ్బయ్య ఆ నలభై ఎనిమిదిలో ఉన్నాడా?"

"కాళ్లట్టుకున్నానండీ! ఊదవయ్యా, నిన్నూ బస్సెక్కిస్తానన్నాను. 'నా బూర అబద్ధం కూయదు' అన్నాడు. ఓ పనోడికి అంత పౌరుషం! చేతికందిందెత్తి కొట్టాను. చస్తాడనుకోలేదు." అతను నాగేంద్రప్రసాద్ కళ్లలోకి చూశాడు. "ఆ లిస్టులో ముప్పై ఒకటో పేరు ఎవరిదండీ? మీదే. సీటు కావాలని మీరడగలేదా? అప్పుడు అడిగారా, బస్సు ఎలా తెచ్చావని?"

నాగేంద్రప్రసాద్ అడగలేదు. నాలుగు రోజుల కిందట ఇతని ముందు చేతులు కట్టుకుని నిలబడి, "నా పేరూ రాసుకోండి రావుగారూ" అన్నాడు. బస్సు, డీజిలు, పర్మిట్టు ఈ మనిషికి ఎక్కడినుంచి వస్తాయని ఒక్క ప్రశ్న వేయలేదు. ఇరవై ఏళ్లు ప్రశ్నలు వేసి బతికిన మనిషి, తనకు సీటు వచ్చేసరికి ఒక్క ప్రశ్న మింగేశాడు. రావు మీద ఎంత అసహ్యం కలిగిందో, తన మీద అంతా కలిగింది.

"ఏది ఆ పర్మిట్టు?" అన్నాడు గట్టిగా.

"చూస్కోండి. ఇరాకీ కెప్టెన్ గారు నా ముందే సీలేసిచ్చారు. అసలుది బస్సు డ్రైవరు దగ్గరుంది. ఇది కాపీ." రావు కింద పడిన ఫైలు తీసి, మడత పెట్టిన కార్బన్ కాగితం గర్వంగా అందించాడు.

రావుకు అరబిక్ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నాగేంద్రప్రసాద్ తొమ్మిదేళ్లు గేటు దగ్గర పాసులూ, లోడు కాగితాలూ కూడబలుక్కుని చదివినవాడు. వేలు పెట్టి, కుడినుంచి ఎడమకు, ఒక్కో మాటా చదువుకుంటూ పోయాడు. రెండో వరుసకు వచ్చేసరికి వేలు ఆగింది. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"రావూ," అన్నాడు. "దీనికింద సంతకం పెట్టేటప్పుడు నీకు చదివి వినిపించినారా?"

"పర్మిట్టేనండీ. బస్సు, నలభై ఎనిమిది మంది, బస్రా దారిలో ముత్లా చెక్‌పోస్టు అన్నారు."

"అంతవరకూ నిజమే. పూర్తిగా విను. 'కింద పేర్లున్న నలభై ఎనిమిది మంది ఇండియావాళ్లు, పారిపోయిన లెఫ్టినెంట్ యూసుఫ్‌కు నెలన్నర పాటు తిండి పెట్టి దాచినట్టు వారి నాయకుడు ఒప్పుకున్నాడు. వీరిని బస్సులో ముత్లా చెక్‌పోస్టు వరకు రానివ్వాలి. అక్కడ దించి, విచారణకు అప్పగించాలి.' కింద నీ సంతకం."

దాచినవాళ్లకు ఉరిశిక్షేనని కువైట్‌లో గోడగోడకూ అంటించి ఉంది.

రావు కాగితం లాక్కున్నాడు. తనకు రాని అక్షరాల వంక కళ్లు చించుకుని చూశాడు. కాగితం తలకిందులుగా పట్టుకున్న సంగతి కూడా అతనికి తెలియలేదు. లేచి గోడ దగ్గరికి తూలుతూ వెళ్లి వంగాడు. తిన్నదంతా బయటికి వచ్చింది.

నాగేంద్రప్రసాద్ అతని వైపు చూడలేదు. గడియారం చూశాడు. పదకొండున్నరకు ఆరు నిమిషాలు.

"బస్సు ఒంటిగంటకు గదా. రాజం, బండి తియ్యి. అరగంటలో మంగఫ్ చేరితే ఒక్కర్నీ ఎక్కనీకుండా ఆపొచ్చు."

చిన్నరాజం కదలలేదు. రావు వంక చూస్తున్నాడు.

"ఒంటిగంటకు గాదు సార్," అన్నాడు. "జల్ది పొమ్మని మిలిట్రీ నుంచి కబురొచ్చిందట. గీయననే నిలవడి అందర్నీ ఎక్కిచ్చిండు. మేం గాడికెళ్లి బయలెల్లకముందే బస్సు పోయింది. పదిన్నరకు." తాళాలు పిడికిట్లో బిగించాడు. "నా పెండ్లాం పెంటవ్వ గుడ అండ్లనే ఉన్నది సార్. కిటికీలకెళ్లి చెయ్యూపింది."